నీవు, మీరు, ఏలినవారు

కడపనుండి మైదుకూరునకు పోవు బాటలో ఖాజీపేట యను నూరు కలదు. అచ్చట నొక టీయంగడి ముందు, కృష్ణాతీరమునుండి మాతో వచ్చిన మిత్రుడొకడు నొచ్చుకొనుట చూచితిమి. పదేండ్ల బాలుడొకడు తన తాతను "అబ్బా, నువ్వు ఈడ కూచో" అని పిలిచెను. తాతను 'నువ్వు' అనుటయా యని మా మిత్రుని బాధ. తాతకు మాత్ర మేకొరతయు దోచినట్లు లేదు. ఆ సీమలో 'అబ్బ' యనగా తాత. మర్యాద యంతయు నా పిలుపులోనే యిమిడియున్నది. సర్వనామమునకు మరల మర్యాద తగిలింప నక్కరలేదు. నాయనను, అన్నను, మామను గూడ నట్లే 'నువ్వు' అందురు. ఎదుటలేని పెద్దను 'ఆయప్ప' యనియు, స్త్రీని 'ఆయమ్మ' యనియు చెప్పుదురు. అప్ప, అమ్మ యను చుట్టరికము లాసర్వనామములలోనే దాగియున్నవి.

ఇది మోటుదనమని తీరాంధ్రులు తలచుట చరిత్ర నెరుగమిచేతనే. పదునొకండవ శతాబ్దిలో నన్నయ రచించిన భారతమున మునులును, మంత్రులును రాజులను 'నీవు' అనియే సంబోధింతురు. తాళ్లపాక అన్నమయ్య వేంకటేశ్వరుని నీవనియే పాడెను. నేటికిని దేవునితో 'మీరు' అని మాటాడు భక్తుడు అరుదు. 'మీరు' అనునది మొదట పలువురకే చెల్లెడి మాట. ఒక్కనినే పలువురుగా లెక్కించుట తరువాతి మర్యాద. ఆ మర్యాద వచ్చినపిమ్మటనే 'నీవు' దిగజారినది. మాట తనంతట తాను పడిపోదు. దానిపైన వేరొకటి కూర్చుండినప్పుడే పడిపోవును.

కొలువులలో 'మీరు' సయితము చాలదయ్యెను. 'ఏలినవారు', 'దేవరవారు' అనుచు, ఎదుట నిలిచినవానినే యెక్కడనో యున్నవానివలె చెప్పసాగిరి. అర్జీలలో 'ఏలినవారు చిత్తగించవలెను' అని వ్రాసిరి. 'తమరు' అనునదియు నిట్టిదే; అది 'తాము' నుండి పుట్టినది. ఖాజీపేట పేరులోనే ఖాజీ యున్నాడు గనుక ఉర్దూను గూడ తలంతము: 'ఆప్' అను మాటకు మూలార్థము 'తాను' అనుటయే.

సముద్రముల కావలి స్పెయిను దేశమువారును ఈ త్రోవనే నడచిరి. వారికి చనువుమాట 'తు'. పెద్దలను మొదట 'వోస్' అనిరి. అది మన 'మీరు' వంటిది. అందరును దానినే వాడగా దాని విలువ తరిగినది. అంతట 'వుయెస్త్రా మెర్సెద్' అనిరి. 'తమ దయ' యని దాని యర్థము. పదునేడవ శతాబ్ది నాటికి అది నలిగి నలిగి 'ఉస్తెద్' అయ్యెను. నేటికిని దానితో క్రియను ప్రథమపురుషలోనే చెప్పవలెను, మన 'ఏలినవారు సెలవిచ్చిరి' అన్నట్లు. పదవినుండి దిగిన 'వోస్' అర్జెంటీనాలో నేడు స్నేహితుల మాటయై బ్రతుకుచున్నది.

అచ్చట నీమాటలకై విప్లవమే నడచినది. అంతర్యుద్ధకాలమున, 1936 డిసెంబరులో, బార్సిలోనా చేరిన ఆంగ్ల రచయిత జార్జి ఆర్వెల్, ఆ నగరమున 'ఉస్తెద్' వినబడదనియు, అందరును అందరిని 'తు' అనియే పిలుచుకొనుచున్నారనియు 1938లో వెలువడిన గ్రంథమున వ్రాసెను. కొన్ని నెలలకే, 1937 వసంతమున నతడు మరల వచ్చి చూచునప్పటికి 'ఉస్తెద్' తిరిగి వచ్చి కూర్చుండినది.

అందరిని 'నీవు'నకు దింపుటయా, అందరిని 'మీరు'నకు ఎక్కించుటయా? మన చదువరులలో పెక్కుమంది రెండవదే మేలందురు. మాకు మాత్రము కడపసీమ పద్ధతియే నచ్చినది. రెడ్డి తురకను 'మామా' యనును. తురక రెడ్డిని 'అన్నా' యనును. ఇరువురును 'నువ్వు' అనుకొందురు. ఒకరు తగ్గినదియు లేదు, ఒకరు హెచ్చినదియు లేదు. సమీపమున నున్న బ్రహ్మంగారి మఠమును చూడుడు. పోతులూరి వీరబ్రహ్మము విశ్వబ్రాహ్మణుడు, పనివారల కులమువాడు. జనులు తమంతట తామిచ్చిన 'గారు' నేడు మండలము పేరులో నిలిచి ప్రభుత్వపు రికార్డుల కెక్కినది.

స్త్రీల సంగతి వేరు. భార్య 'ఏమయా' యనును, భర్త 'ఏమే' యనును. సర్వనామము సమానమే, తోకలో నున్నది తేడా. మన వ్యాకరణమును ఏకవచనమున స్త్రీని పశువులతోను, రాతితోను జేర్చి 'అది' యనిపించినది. 'వారు' అనిపించుకొనవలెనన్న ఆమె పలువురు కావలెను.

అయినను ఆ సీమ వరుసలకును ఒక పొలిమేర కలదు. ఆ టీయంగడి యొద్దకే దళితవాడనుండి డెబ్బదియేండ్ల వృద్ధుడొకడు వచ్చెను. అచ్చటి యువకుడొకడు వానిని పేరుపెట్టి "ఏంరా, యాడికి పోయింటివి?" అనెను. కులము పేరెత్తి బహిరంగముగ దూషించుట 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టమునకు 2015లో జరిగిన సవరణచే స్పష్టముగా నేరమైనది. కాని యిచ్చట కులము పేరు రాలేదు; వచ్చినది ఒక్క 'రా' మాత్రమే. వృద్ధుడు గ్లాసు నందుకొని దూరముగా పోయి కూర్చుండెను.

మేమా యువకుని దగ్గరకు పిలిచి, తాతయీడు వాని నట్లు పిలువదగునా యని యడిగితిమి. అతడు సిగ్గుపడి, "మా నాయన గూడా అట్లే పిలుస్తాండె సార్. ఆయప్ప ఏమీ అనుకోడు" అనెను.

మాతో చెప్పునప్పుడు 'ఆయప్ప' యనెను.