పగిలిన అద్దానికి ఎంత శిక్ష? ప్రొబేషన్ చట్టం ఆరో సెక్షన్‌పై ఒక పునఃపరిశీలన

తెలుగునాట శిక్షల విధానం మీద ఏ సెమినార్ పత్రం తిరగేసినా మొదటి పేజీలోనే మహమ్మద్ గియాసుద్దీన్ కేసు ఎదురవుతుంది. 1977లో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పు అది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన అప్పీలు కాబట్టి మనదన్న అభిమానం ఒకటి. నేరాన్ని రోగంలా చూడాలన్న వాదన, జైల్లో తగిన పని, కూలి, పెరోలు, చివరికి ధ్యానం దాకా అందులో ఉన్నాయి. పరిశోధకులు దాన్ని ఎత్తుకుని, మెచ్చుకుని, అక్కడే ఆగిపోతున్నారు. సికింద్రాబాద్‌లో ఒక రాత్రి తాగిన మైకంలో ఎవరి కారు అద్దమో పగలగొట్టి, జీవితంలో మొదటిసారి బోనెక్కిన ఇరవయ్యేళ్ల కుర్రాడికి ఆ తీర్పు వల్ల ఒరిగింది దాదాపు ఏమీ లేదు. ఇంకా చెప్పాలంటే నష్టమే జరిగింది.

గియాసుద్దీన్ తాగి తప్పు చేసినవాడు కాడు. ఉద్యోగాలిప్పిస్తానని నిరుద్యోగుల దగ్గర డబ్బు గుంజిన మనిషి. వయసు ఇరవై ఎనిమిది దాకా ఉంది. ఇంత కరుణ కురిపించిన తీర్పు చివరికి చేసిందేమిటంటే, మూడేళ్ల కఠిన శిక్షను పద్దెనిమిది నెలలకు తగ్గించడం. జైలు మాత్రం తప్పలేదు. ఆ తీర్పును ఆదర్శంగా పెట్టుకున్నవాళ్లంతా మొదటి తప్పుకు మినహాయింపును న్యాయమూర్తి మంచితనం ఖాతాలో వేశారు. మంచితనమైతే ఇవ్వనూవచ్చు, మానుకోనూవచ్చు. చట్టం చెప్పింది అది కాదు.

చట్టం ఏం చెప్పిందో తేల్చినవాడు మన తెలుగువాడే, రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు. రత్తన్‌లాల్ వర్సెస్ పంజాబ్ రాష్ట్రం కేసులో ముద్దాయికి పదహారేళ్లు. ఇంట్లో చొరబడి అసభ్యంగా ప్రవర్తించినందుకు జైలుశిక్ష పడింది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఆ జిల్లాలో అమల్లోకి వచ్చింది మేజిస్ట్రేటు తీర్పు తర్వాత. అయినా అప్పీలు కోర్టు ఆ చట్టాన్ని వర్తింపజేయవచ్చని 1964లో మెజారిటీ తరఫున సుబ్బారావు రాశారు. 21 ఏళ్లు నిండనివాడిని, యావజ్జీవం పడే నేరం కానప్పుడు, జైలుకు పంపకూడదన్నది ఆరో సెక్షన్. తప్పనిసరిగా పంపాల్సి వస్తే ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని, కారణాలు రాతపూర్వకంగా చూపాలి. ఇది ఆజ్ఞ. కృష్ణయ్యర్ వాగ్ధాటి సుబ్బారావు ఖచ్చితత్వాన్ని కప్పేసింది. యాభై ఏళ్లుగా సాగుతున్న పొరపాటుకు మూలం అదే.

ఇక తాగుడు సంగతి. పాత శిక్షాస్మృతిలోని 85, 86 సెక్షన్లు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 23, 24గా ఉన్నాయి. తన ఇష్టంతో తాగినవాడికి, తాగకపోతే ఎంత తెలివిడి ఉండేదో అంతా ఉన్నట్టే లెక్క. ఉద్దేశం మాత్రం పరిస్థితుల్ని బట్టి, మైకం ఏ మేరకు ఉందన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. 1956 నాటి బసదేవ్ కేసులో పెళ్లి విందుకు తాగి వచ్చిన ఒక మాజీ జమాదారు, కూర్చోవడానికి చోటివ్వమంటే కదలలేదని ఒక అబ్బాయిని కాల్చి చంపాడు. తెలివిడికీ ఉద్దేశానికీ మధ్య గీతను సుప్రీంకోర్టు గీసింది అక్కడే. అప్పుడప్పుడు మాట తడబడినా, అతను నడవగలడు, పొందికగా మాట్లాడగలడని చూసి హత్యానేరాన్ని ఖాయం చేసింది.

ఆ గీతను ఆస్తి నేరాలకు అన్వయించి చూస్తే పరిస్థితి తలకిందులవుతుంది. దొంగతనానికి దురుద్దేశం ఉండాలి. తాగి పక్కవాడి బండిని తనదనుకుని తోలుకుపోయినవాడు ఆ వాదనతో బయటపడే వీలుంది. ఆస్తి ధ్వంసానికి ఉద్దేశం లేకపోయినా పరవాలేదు, నష్టం జరుగుతుందన్న తెలివిడి చాలు. ఆ తెలివిడిని తాగినవాడికి చట్టమే అంటగడుతోంది. కాబట్టి మైకం బరువంతా దొంగ మీద కాక పగలగొట్టినవాడి నెత్తిన పడుతుంది.

శిక్షల దగ్గర అన్యాయం రెట్టింపైంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన న్యాయ సంహిత సమాజ సేవను శిక్షల జాబితాలో చేర్చింది. దొంగిలించిన సొత్తు 5,000 రూపాయల లోపుదై, దొంగకు అదే మొదటి శిక్షై, సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే 303(2) కింద సమాజ సేవే శిక్ష. తాగి నలుగురిలో అల్లరి చేసినవాడికి 355 కింద 24 గంటల సాధారణ జైలో, 1,000 రూపాయల దాకా జరిమానానో, సమాజ సేవో. తాగి మోండా మార్కెట్‌లో దుకాణం అద్దం పగలగొట్టినవాడికి 324. మామూలుగా ఆరు నెలల దాకా, నష్టం 20,000కు చేరితే రెండేళ్ల దాకా, లక్షకు చేరితే ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. సమాజ సేవ ఊసే అక్కడ లేదు. పూర్తి స్పృహలో చెయ్యి పెట్టి కొట్టేసినవాడికి ఒక దారి, ఒళ్లు తెలియక రాయి విసిరినవాడికి ఇంకో దారి. సంహిత మీద వచ్చిన వ్యాఖ్యానాలు ఈ తేడాను పట్టించుకోకపోవడం బాధాకరం.

ఈ వ్యాసం ప్రధానంగా ముందుకు తెస్తున్న ఆధారం వేరొకటి ఉంది. తెలంగాణలో అమల్లో ఉన్న 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. ఆరో సెక్షన్ గీత కూడా 21 దగ్గరే ఉంది. పద్దెనిమిది నిండనివాళ్ల కేసులు బాలల న్యాయ మండలికి పోతాయి కనుక, ఆరో సెక్షన్ ఆచరణలో కాపాడేది పద్దెనిమిదికీ ఇరవై ఒకటికీ మధ్యనున్న కుర్రాళ్లనే. అంటే ఈ వయసువాడు తాగి బోనెక్కాడంటే, అతను అద్దం పగలగొట్టకముందే ఎవరో ఒకరు చట్టాన్ని పగలగొట్టారన్నమాట. వైన్స్ కౌంటర్లో క్వార్టర్ అందించిన చెయ్యి, పక్కనే పర్మిట్ రూమ్‌లో గ్లాసు పెట్టిన చెయ్యి, వయసు అడగని నోరు చార్జిషీటులో కనపడవు. అమ్మకానికి లైసెన్సు ఇచ్చేది, పన్ను వసూలు చేసుకునేది ప్రభుత్వం. ఆ కుర్రాడిపై కేసు నడిపేదీ ప్రభుత్వమే. వయసు నిండనివాడి తాగుడు ఆస్తి నేరంలో శిక్ష పెంచే అంశం కానే కాదు. ప్రతిసారీ తగ్గించే అంశమే. ఇంగ్లండు సెంటెన్సింగ్ కౌన్సిల్ మార్గదర్శకాల్లో తాగి ఉండటం శిక్ష పెంచే అంశమని చూపి వాదించేవారు, అలాంటి మార్గదర్శకాలు కావాలని 2003లో జస్టిస్ మలిమత్ కమిటీ అడిగినా మన దేశంలో ఇప్పటికీ రాలేదన్నది మరిచిపోతున్నారు.

కోర్టు హాల్లో జరిగేది చూస్తే సమస్య ఎక్కడుందో తెలుస్తుంది. నేరం రుజువైందని చెప్పాక మేజిస్ట్రేటు అడుగుతారు, శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటావా అని. కుర్రాడు చేతులు కట్టుకుని, "తప్పైంది సార్, ఇంకోసారి తాగ. ఇంట్ల అమ్మ ఒక్కతే ఉంటది" అంటాడు. ఆ మాటలు రెండు వరుసల్లో రికార్డుకెక్కుతాయి. ఆ కింద, నేర స్వభావం దృష్ట్యా ప్రొబేషన్ ప్రయోజనం ఇవ్వదగిన కేసు కాదన్న వాక్యం. అతని ఇల్లు, స్నేహితులు, తాగుడు అలవాటా ఒక్కరోజు ముచ్చటా, ఇవన్నీ విచారించి చెప్పాల్సిన జిల్లా ప్రొబేషన్ అధికారి కాగితం ఫైల్లో ఉండదు. అది లేని జైలుశిక్ష ఆరో సెక్షన్ కింద నిలవదు.

జరిమానా కట్టి బయటపడటం మేలని చాలామంది ప్లీడర్లే సలహా ఇస్తారు. అది పెద్ద పొరపాటు. ప్రొబేషన్ చట్టం మూడో సెక్షన్ కింద మందలించి వదిలినా, నాలుగో సెక్షన్ కింద సత్ప్రవర్తన బాండు మీద వదిలినా, ఆ నేరనిర్ధారణ వల్ల వచ్చే అనర్హతను పన్నెండో సెక్షన్ తుడిచేస్తుంది. జరిమానాకు ఆ రక్షణ లేదు. కానిస్టేబుల్ పరీక్షకు, అగ్నివీర్ పరుగుకు తయారయ్యే కుర్రాడికి పోలీసు వెరిఫికేషన్‌లో ఆ జరిమానా రసీదే అడ్డం తిరుగుతుంది.

సికింద్రాబాద్‌కు రైల్వే కోణం కూడా ఉంది. 2023 జనవరిలో సికింద్రాబాద్–విశాఖ వందేభారత్ మొదలైన ఏడాదే రాళ్ల దాడులు వార్తలకెక్కాయి. ఐదేళ్ల దాకా జైలు పడవచ్చని దక్షిణ మధ్య రైల్వే హెచ్చరించింది. అది 1989 రైల్వే చట్టం 153వ సెక్షన్. పక్కనే ఉన్న 152కు యావజ్జీవం దాకా పడుతుంది. అదే రాయికి పోలీసులు 152 పెడితే ఆరో సెక్షన్ మాటే ఉండదు. ఒక్క అంకె తేడాతో కుర్రాడి రక్షణ పోతుంది. ఆ అంకెను ఎంచే అధికారం ఎఫ్‌ఐఆర్ రాసే అధికారి చేతిలో ఉండటం మీద పరిశోధన జరగాలి.

దుకాణదారు నష్టం మాటేమిటన్న ప్రశ్న సబబే. ప్రొబేషన్ చట్టం ఐదో సెక్షన్ కింద కుర్రాడి చేత నష్టపరిహారం కట్టించే అధికారం కోర్టుకు ఉంది. తాగి బండి నడిపి పట్టుబడినవారిని ఇంటివాళ్లను వెంటబెట్టుకుని రమ్మని గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ శిక్షణ సంస్థల్లో కౌన్సెలింగ్ చేస్తున్న నగరమిది. అద్దం పగలగొట్టినవాడికి అదే ఏర్పాటు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. బాండులో ఒక షరతు రాస్తే చాలు.

ఆలస్యం ఒక్కటే ఇక్కడ అసలు శత్రువు. ముద్దాయి వయసును నేరం చేసిన రోజున కాక, విచారణ కోర్టు తీర్పు చెప్పే రోజున చూడాలని రామ్‌జీ మిస్సర్ కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. పందొమ్మిదేళ్లకు పట్టుబడినవాడి కేసు రెండేళ్లకు మించి నానితే ఆరో సెక్షన్ అతనికి దక్కదు. సికింద్రాబాద్ కోర్టుల్లో ఇలాంటి కేసులు చేపట్టే ప్లీడర్లు మొదటి వాయిదాకే పదో తరగతి మెమో దాఖలు చేయాలి. నేరం రుజువైన రోజునే ప్రొబేషన్ నివేదిక తెప్పించమని రాతపూర్వకంగా అడగాలి. నివేదిక లేకుండా జైలు వేస్తే అప్పీలులో మొదటి అభ్యంతరం అదే కావాలి.