ఫస్టు ఫారం పంతులు

"ఉన్ముఖీకరణ అంటే ఏమిటే?" అని అడిగింది మామ్మ.

నా బి.ఎడ్. రికార్డు ఆవిడ ఒళ్ళో ఉంది. భూతద్దం పెట్టుకుని నా పాఠ్యపథకాన్ని అక్షరం అక్షరం చదువుతోంది. "పాఠంలోకి దిగేముందు పిల్లల మనసు ఇటు తిప్పడానికి నాలుగు ప్రశ్నలు అడుగుతాం కదా మామ్మా, అదే" అన్నాను.

"ఓస్, సన్నాహమా! హెర్బార్టు మెట్లలో మొదటిది. పేరు మార్చారన్నమాట."

మామ్మకి ఎనభై ఆరేళ్ళు. 1958లో సెకండరీ గ్రేడ్ ట్రైనింగులో చేరింది. నాకు ముప్పై ఒకటి. ట్రైనింగు లేకుండానే ఏడేళ్ళు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి, ఇప్పుడు బి.ఎడ్. రెండో ఏడాదిలో ఉన్నాను. గోదావరి గట్టునున్న ఒక యూపీ స్కూల్లో పదహారు వారాల ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. నా సబ్జెక్టు సోషల్. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు చెబుతాను. హెర్బార్టు జర్మనీవాడు, 1841లో పోయాడు. ఆయన శిష్యులు ఆయన ఆలోచనల్ని అయిదు మెట్లుగా పేర్చారు. అవి మద్రాసు మీదుగా మామ్మ దాకా వచ్చి, పేరు మార్చుకుని నా రికార్డులోకీ ఎక్కాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆరో తరగతికి పాఠం చెప్పే మనిషిని మన దగ్గర ఎవరు తయారుచేశారు, ఎప్పటినుంచి, దేనికోసం అని వెతకడం ఆ రాత్రే మొదలుపెట్టాను.

వీధి బడి అయ్యవారికి ట్రైనింగు లేదు. తండ్రి దగ్గరో గురువు దగ్గరో చూసి నేర్చుకున్నదే ఆయన విద్య. ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దించేవాడు. పెద్ద పిల్లలకి తను చెబితే, వాళ్ళు చిన్నవాళ్ళ చేత వల్లె వేయించేవాళ్ళు. దసరాకి పిల్లల్ని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగితే వచ్చేదే ఆయనకి పెద్ద రాబడి. ఈ బడిని తక్కువగా చూడటం మనకి అలవాటైపోయింది. కానీ 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి బాధ్యుడుగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే పాదిరి, మన పిల్లలు ఇసుకలో రాసుకోవడం చూసి ఆగిపోయాడు. దాన్ని తన బడిలో పెట్టాడు. పిల్లల చేతే పిల్లలకి చెప్పించాడు. తర్వాత ఇంగ్లండు వెళ్ళి పుస్తకం వేస్తే అక్కడ దానికి మద్రాసు పద్ధతి అని పేరొచ్చింది. మన అరుగుల మీది పద్ధతిని ముందు సముద్రం దాటించి, ఆ తర్వాతే మనకి బోధన నేర్పడానికి దొరలు బయల్దేరారు. ఈ సంగతి మా బి.ఎడ్. పుస్తకంలో రెండు ముక్కల్లో ఉంది. రెండు పేజీలైనా ఉండాలని నాకనిపిస్తుంది.

పంతుళ్ళని జీతమిచ్చి పెట్టి, వాళ్ళకి ముందు చదువు చెప్పాలన్న ఆలోచన మద్రాసు రాజధానిలో మొదట గట్టిగా చేసినవాడు గవర్నరు థామస్ మన్రో. 1826లో రాసిన మినిట్‌లో ఆయన జిల్లాకి రెండు పెద్ద బళ్ళు, తాలూకాకి ఒక చిన్న బడి, పంతుళ్ళని తయారుచేయడానికి మద్రాసులో ఒక కేంద్రం కావాలన్నాడు. పెద్ద బడి పంతులుకి నెలకి 15 రూపాయలు, తాలూకా పంతులుకి 9. మరుసటి ఏడే కలరాతో పోయాడు. ఆయన వెనక ఆ ఏర్పాటు ఎక్కువకాలం నిలవలేదు. 1854లో విద్య మీద ఉడ్ తాఖీదు వచ్చాక, 1856లో మద్రాసులో నార్మల్ స్కూలు పెట్టారు. అదే పెరిగి సైదాపేట టీచర్స్ కాలేజీ అయింది. తెలుగువాళ్ళకి పెద్ద ట్రైనింగంటే చాలాకాలం సైదాపేటే. రైలు పడకముందు గోదావరి కుర్రాళ్ళు కాలవల మీద పడవెక్కి, బకింగ్‌హాం కాలవలో రోజుల తరబడి వెళితే మద్రాసు వచ్చేది. అక్కడ చేసేది ఎల్.టి., అంటే పంతులు పనికి లైసెన్షియేట్. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని కూడా 1910లో ఎల్.టి.కి సైదాపేటే పంపారు. సెప్టెంబరు 5న ఆయన పటానికి దండ వేసేటప్పుడు, ఆయన కూడా టీచరు ట్రైనింగుకి వెళ్ళినవాడేనని పిల్లలకి చెప్పాలనిపిస్తుంది.

అయితే నేను వెతుకుతున్న పంతులు సైదాపేటలో దొరకలేదు. పర్లాకిమిడిలో దొరికాడు.

1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పదిహేడేళ్ళ కుర్రాడు ముప్పై రూపాయల జీతం మీద చేరాడు. మెట్రిక్యులేషను ప్యాసై ఏడాదే అయింది. తండ్రి లేడు. అతనికిచ్చింది ఫస్టు ఫారం, చెప్పాల్సింది చరిత్ర. ఇవాళ్టి లెక్కలో అది ఆరో తరగతి సోషల్. ఆ కుర్రాడే గిడుగు రామమూర్తి.

నేను చెప్పే తరగతీ, నేను చెప్పే సబ్జెక్టూ! ఆయన జయంతి ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. పిడుగు అంటాం, ఉద్యమకారుడంటాం. ఆయన ముందు ఫస్టు ఫారం పంతులన్న మాట ఎవరూ ఎత్తరు. నాకు మాత్రం మిగతా అంతా అక్కణ్ణించే వచ్చిందనిపిస్తుంది. ఆయన ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదువుకుని 1896లో బి.ఏ. ప్యాసయ్యాడు. చుట్టుపక్కల కొండల్లో సవరలున్నారు. వాళ్ళకి చదువు చెప్పాలంటే వాళ్ళ మాట తనకి రావాలని, సవర తెలిసినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఏళ్ళ తరబడి ఆ భాష నేర్చుకున్నాడు. సవరలో వాచకాలు రాశాడు, వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పించాడు. సర్కారు పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బు వద్దు, బడికి సాయం చేయండన్నాడు. ఇంతకీ ఆయన ఏ ట్రైనింగు కాలేజీకీ వెళ్ళకుండానే ఉద్యోగంలో చేరినవాడు. పిల్లవాడి నోట్లో ఏ మాట ఉందో అక్కడ మొదలుపెట్టమని మాకు ఇవాళ మెథడాలజీ క్లాసులో పాయింట్లు వేసి చెప్పేదాన్ని ఆయన కొండ ఎక్కి నేర్చుకున్నాడు.

1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు ఉత్తరాంధ్రకి వచ్చాడు. బళ్ళలో తెలుగు పాఠాలు విని ఆయనకొక సందేహం పుట్టింది. పంతులు మాట్లాడే తెలుగొకటి, పుస్తకంలో తెలుగొకటి, ఇదేమిటని విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. ఆ ప్రశ్న గురజాడ అప్పారావు దగ్గరికీ గిడుగు దగ్గరికీ చేరింది. వ్యావహారిక భాషోద్యమం కవుల సభల్లో పుట్టిందని నేను చాలాకాలం అనుకున్నాను. క్లాసురూంలో, వెనక బల్ల మీద కూర్చుని పాఠం వినే ఇన్‌స్పెక్టరు నోట పుట్టిందది. మా పరిశీలక ఉపాధ్యాయురాలు నా పాఠానికి వచ్చి వెనక కూర్చున్నప్పుడల్లా నాకు యేట్స్ గుర్తొస్తాడు.

ఆ రోజుల్లో ఇన్‌స్పెక్టరంటే మాత్రం పల్లె పంతులుకి గుండెదడ. అంతకు ముందు చాలాకాలం, పిల్లలు ఎంతమంది పరీక్ష ప్యాసైతే బడికి అంత గ్రాంటు. ఆ ఒక్కరోజు మీదే పంతులు కూడు ఆధారపడేది. మిషను బళ్ళలో జీతాలు మరీ చిన్నవి. మహాకవి గుర్రం జాషువా మిషను బడిలో నెలకి మూడు రూపాయల మీద పంతులుగా పనిచేశాడు. అదీ ఊడింది. రాజమండ్రి వచ్చి మూకీ సినిమాలకి కథ చెప్పి కడుపు నింపుకున్నాడు. ఆ తర్వాత గుంటూరులో లూథరన్ మిషను వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళ దాకా పాఠాలు చెప్పాడు. అంటే ఒక తరం పల్లె పంతుళ్ళని తయారుచేసిన చేతుల్లో జాషువా చేతులూ ఉన్నాయి. మిషను ట్రైనింగు స్కూళ్ళు లేకపోతే, ఊరి బడి గుమ్మం ఎక్కనివ్వని కుటుంబాల నుంచి పంతుళ్ళు పుట్టడానికి ఇంకెన్నేళ్ళు పట్టేదో.

"బతకలేక బడిపంతులు" అనే మాట మామ్మ దగ్గర ఎవరైనా అంటే ఆవిడ లేచి వెళ్ళిపోతుంది.

మామ్మ కాలానికి పంతుళ్ళలో మెట్లు స్థిరపడ్డాయి. ఎనిమిదో తరగతితో ఈఎస్సెల్సీ ప్యాసై రెండేళ్ళు ట్రైనింగు చేస్తే హయ్యర్ గ్రేడు. ఎస్సెస్సెల్సీ ప్యాసై రెండేళ్ళు చేస్తే సెకండరీ గ్రేడు. డిగ్రీ పైన ఒక్క ఏడాది చేస్తే ముందు ఎల్.టి., తర్వాత బి.టి., ఆ తర్వాత బి.ఎడ్. హయ్యర్ గ్రేడు ఎలిమెంటరీకి, బి.ఎడ్. హైస్కూలుకి. నడుమనున్న ఆరు, ఏడు, ఎనిమిది ఎవరివి? కింది నుంచి సెకండరీ గ్రేడువాళ్ళు ఎక్కి వచ్చేవాళ్ళు, పైనుంచి బి.ఎడ్. వాళ్ళు దిగి వచ్చేవాళ్ళు. పదకొండేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా పిల్లల గొంతు మారుతుంది, ఒళ్ళు మారుతుంది, లెక్కల్లో అక్షరాలు వస్తాయి, ప్రశ్నలకి పదును వస్తుంది. సరిగ్గా ఆ వయసుకోసమే మనిషిని తయారుచేసే చదువు మాత్రం మన దగ్గర చాలాకాలం లేదు. వెతికినకొద్దీ నాకు బాధ కలిగించింది ఇదే.

మామ్మ చేరింది ఆడపిల్లల బేసిక్ ట్రైనింగ్ స్కూల్లో. గాంధీగారి వార్ధా పథకం 1937 నాటిది. చేతిపని చుట్టూ చదువు తిరగాలన్నది దాని సారం. స్వరాజ్యం వచ్చాక ట్రైనింగు స్కూళ్ళు దాన్ని నెత్తినెత్తుకున్నాయి. "పొద్దున్నే ప్రార్థన, ఆ తర్వాత తకిలి" అంటుంది మామ్మ. పత్తి ఏకి, ఏకులు చుట్టి, తకిలి మీద నూలు తీసి, చిలపలు లెక్క రాసి అప్పగించాలి. తోటపని ఉండేది. వంతులవారీగా వంట, మరుగుదొడ్లు కడగడం. కులం చూడకుండా అందరూ అందరి విస్తళ్ళూ తీయాలి. ఇంటి దగ్గర మడి కట్టుకునే పిల్లలు మొదటి వారం ఏడ్చారట. "నూలు వడకడం నాకు తర్వాత ఎందుకూ పనికిరాలేదే. విస్తరి తీయడం మాత్రం పనికొచ్చింది" అంది. నేను ఆ మాట రికార్డు వెనక అట్ట మీద రాసుకున్నాను.

ఆడవాళ్ళు ఈ ఉద్యోగంలోకి రావడం వెనక ఇంకో కథ ఉంది. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల బడి పెట్టాడు. బడి పెట్టడం ఒక ఎత్తు, ఆడ పంతుళ్ళు దొరకడం ఇంకో ఎత్తు. పిల్ల కాస్త పెద్దదైతే మగ పంతులు దగ్గరికి పంపరు, చదువుకున్న ఆడవాళ్ళు లేరు, చదువుకోవాలంటే చెప్పే ఆడవాళ్ళు కావాలి. ఈ చిక్కుముడి విప్పడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. అందులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పాత్ర పెద్దది. ఆవిడ ఆధ్వర్యంలోని కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో వయోజన స్త్రీలకి సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళు, భర్త పోయినవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు రెండేళ్ళలో పరీక్షకి కూర్చుని, ట్రైనింగు చేసి, టీచర్లయ్యారు. మామ్మతో పనిచేసిన ఇద్దరు అలా వచ్చినవాళ్ళే. "వాళ్ళకి మాకంటే ఓపికెక్కువ" అంటుంది.

1959లో పంచాయతీ సమితులొచ్చాక మామ్మ సమితి టీచరైంది. తర్వాత సంగతులు త్వరగా చెప్పుకోవచ్చు. 1986 జాతీయ విద్యా విధానంతో జిల్లాకో డైట్, అంటే జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ, వచ్చింది. 1995 నుంచి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్.సి.టి.ఇ.) అజమాయిషీ. ఆ తర్వాత ప్రైవేటు బి.ఎడ్. కాలేజీలు వీధి వీధికీ లేచాయి. నేను ముందు ఒక కాలేజీకి విచారించడానికి వెళితే, క్లాసులకి రానక్కర్లేదు, రికార్డులు కూడా డబ్బిస్తే రాసిపెట్టేవాళ్ళున్నారన్నారు. ఇంటికొచ్చి మామ్మకి చెబితే ఆ రోజు అన్నం తినలేదు. శిక్షణ ఇలా పలచబడిందని 2012లో జస్టిస్ వర్మ కమిషన్ రాసింది. 2015 నుంచి బి.ఎడ్. రెండేళ్ళయింది. ఏడాది చదువుకి రెండేళ్ళెందుకని మా బ్యాచ్‌లో అందరూ గొణుగుతారు. ఏడేళ్ళు తెలియకుండా చెప్పినదాన్ని కాబట్టి నాకు ఈ రెండేళ్ళూ ఎక్కువ అనిపించలేదు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకి సైన్సు, లెక్కలకి ఒకరు, సోషల్‌కి ఒకరు, భాషలకి ఒకరు ఉండాలని, 35 మందికొక టీచరు ఉండాలని అందులో ఉంది. అదే ఏడాది ఎన్.సి.టి.ఇ. టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష, తప్పనిసరి చేసింది. మొదటి పేపరు ఒకటి నుంచి అయిదు, రెండో పేపరు ఆరు నుంచి ఎనిమిది. నూట యాభై ప్రశ్నలున్న ఆ రెండో పేపరుని అందరూ అడ్డంకిగా చూస్తారు. నేను దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు, ఇది ఫస్టు ఫారం పంతులుకంటూ వేరుగా రాసిన పేపరు కదా అనుకున్నాను. గిడుగువారి కుర్చీకి ఇన్నాళ్ళకి ఒక పేరు దొరికినట్టు సంతోషం వేసింది.

మొన్న ఇరవై మూడో పాఠం. ఏడో తరగతి, కాకతీయులు. ఉన్ముఖీకరణ ప్రశ్నలు నాలుగూ రాసుకుని వెళ్ళాను. మొదటి ప్రశ్నకే వెనక బల్ల పిల్ల లేచి, "టీచర్, మా తాతది చెరువు కింద పొలమే, ఆ చెరువు ఎవరు తవ్వించారు?" అంది. మిగతా మూడూ వదిలేసి చెరువు దగ్గరే మొదలుపెట్టాను. గణపతిదేవుడు, రుద్రమదేవి అందులోంచే వచ్చారు. పరిశీలకురాలు రికార్డులో ఎర్ర ఇంకుతో రెండు రాశారు: పథకం అనుసరించలేదు, పిల్లలు బాగా పాల్గొన్నారు. నల్లబల్ల పనికి మాత్రం పదికి నాలుగే వేశారు.

ఆ సాయంత్రం మామ్మ రికార్డు చూసి, మొదటి రెండిటి గురించీ ఏమీ అనలేదు. చేతికర్ర పట్టుకుని లేచి, బీరువా పక్క గోడ దగ్గరికి వెళ్ళింది. సుద్దముక్క విరిచి చిన్నది చేసుకుంది. "బల్లకి ఎదురుగా నిలబడి రాస్తున్నావు నువ్వు. పిల్లలకి నీ వీపే కదే కనబడేది. ఇలా పక్కకి తిరిగి నిలబడు. చెయ్యి బల్ల మీద, కళ్ళు వాళ్ళ మీద. భుజం కదలాలి, మణికట్టు కాదు" అంది. గోడ మీద 'ఓరుగల్లు' అని రాసింది. చెయ్యి వణికింది కానీ గీత వంకర పోలేదు.

తర్వాత సుద్దముక్క నాకిచ్చి మంచం మీద కూర్చుంది.

"ఊఁ, రాయి. నేను ఏడో తరగతి."