ఇరుసు - కందెన

బండి ఏండ్లు గడచుటచే చెడునా, చూచుకొనువారు లేక చెడునా? ఈ ప్రశ్నకు మన దేశమున చాల పూర్వమే సమాధానము చెప్పబడినది. చెప్పినది వడ్రంగి కాదు, వైద్యుడు.

చరకసంహిత విమానస్థానములో అగ్నివేశుడు తన గురువగు ఆత్రేయుని అకాలమరణమును గూర్చి ప్రశ్నించును. గురువు బండి ఇరుసును దృష్టాంతముగా చూపును. మంచి ఇరుసు సరిగా నడపబడినచో క్రమముగా అరిగి, తన కాలమునకు తాను ముగియును. అదే ఇరుసు, బరువు మితిమీరినను, ఎగుడుదిగుడు దారిని తోలినను, దారి తప్పినను, చక్రము విరిగినను, లాగుదానియందో తోలువానియందో దోషమున్నను, చీల ఊడినను, కందెన లేకున్నను నడుమనే విరిగిపోవును. మనుష్యుని ఆయువును అట్టిదే యని ఆయన తీర్పు. వైద్యుడు శిష్యునికి బోధించుటకు ఎన్నుకొన్న పోలిక ఇది. బండిని కాపాడుకొను విద్య ఆనాటికే ప్రతి యింటికిని తెలిసినదై యుండవలెను.

ఈ మాటలలోని సత్యము పల్నాటి బాటలలో బాగుగా తెలియును. ఒకప్పటి వినుకొండ తాలూకాలో, నల్లమల అంచున, బొల్లాపల్లి యున్నది. ఆ చుట్టుప్రక్కల గండిగనుమల, కనుమలచెరువు అను ఊళ్ళు కలవు. కనుమ యనగా కొండల నడుమ త్రోవ. ఆ పేర్లే అచటి దారులెట్టివో చెప్పుచున్నవి. మోటారులు రాని దినములలో ఇట్టి సీమలో పంటను సంతకును, పెండ్లికూతురిని అత్తవారింటికిని, రోగిని వైద్యుని కడకును, ఇంటిల్లిపాదిని కోటప్పకొండ తిరునాళ్ళకును చేర్చినది ఎడ్లబండియే. కనుమ నడుమ ఇరుసు విరిగినచో అచట వడ్రంగి యుండడు, కమ్మరి కొలిమి యుండదు. కనుక జాగ్రత్త యంతయు బండి ఇల్లు కదలక మునుపే జరుగవలెను.

ఆ జాగ్రత్త కొయ్యను ఎన్నుకొనుటతోనే ఆరంభమయ్యెడిది. చక్రములకు నల్లతుమ్మ పేరుపొందినది. నల్లమలలో పెరుగు చిరుమాను ఎంత గట్టిదనగా, ఆంగ్లేయులు దానికి ఇరుసుకొయ్య యను అర్థమిచ్చు పేరే పెట్టిరి.

తరువాతిది కందెన. ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదముతో కలిపి దీనిని చేసెడివారు. గొట్టములో నింపి బండికే వ్రేలాడగట్టెడివారు. కడచీల తీసి, చక్రమును కొంచెము వెలుపలికి లాగి, ఇరుసుకు కందెన పూసి, మరల చీల బిగించుట పయనమునకు ముందటి నిత్యకృత్యము. ఇరుసు కీచుమని అరచుచున్నదనగా రాపిడి మొదలైనదని అర్థము. అది ఇరుసును తినుటయే కాక, ఎడ్ల బలమును గూడ హరించును. కందెన లేని బండి పోలికను సుమతీ శతకకారుడు సైతము వాడుకొనెను.

మూడవది చక్రపు ఇనుపకట్టు. దీనిని చక్రము చుట్టుకొలతకన్న కొంచెము తక్కువగా చేసి, నిప్పులలో కాల్చెదరు. వేడికి అది సాగును. అప్పుడు చక్రమునకు తొడిగి నీళ్ళు పోసెదరు. చల్లారి ముడుచుకొనుచు అది పూటీలను, ఆకులను, నడిమి దిమ్మను ఒక్కటిగా బిగించును. కాని పల్నాటి ఎండలకు కొయ్య ఎండి తగ్గును, కట్టు వదులగును. తెలిసిన రైతు చక్రమును తడుపును. అప్పటికిని బిగియనిచో కట్టును కోయించి మరల వేయించును. ఆకు కదలుచుండగనే చూచినవానికి ఒక పూట పని. చూడనివానికి క్రొత్త చక్రమే కావలెను.

1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. క్రమముగా పల్లెలకు రోడ్లు, ట్రాక్టరులు వచ్చినవి. బండ్లకు సైతము రబ్బరు టైర్లు, బేరింగులు అమర్చిరి. మధ్యతరగతి యిండ్లలో అంబాసిడర్ వంటి కారులు తరములు మారినను నిలిచినవి. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయినది. అయినను బాగుగా చూచుకొన్నవారి బండ్లు అటుపైనను నడిచినవి.

వాహనము మారినది గాని ఆత్రేయుని జాబితా మారలేదు. కందెనకు మారుగా ఇంజను నూనె, కడచీలకు మారుగా చక్రపు నట్టులు, వదులైన కట్టుకు మారుగా అరిగిన టైరు. బరువు, బాట, తోలువాని చేయి నాడెట్లో నేడును అట్లే.

ముసలితనమును ఆపుట ఎవరి తరమును గాదు. అకాలముగా విరుగుటను మాత్రము ఆపవచ్చును. ఆ రెంటికిని గల భేదము, పల్నాటి రైతింట, గొట్టములోని కొంచెము ఆముదపు మసి.