సిలికాన్‌లో ఉండిపోయిన ప్లాటినం

ఈ ఎపిసోడ్‌లో ఒక పెళ్ళిళ్ళ పేరయ్య కథ చెప్తాను. కెమిస్ట్రీలో కేటలిస్ట్ అంటే సరిగ్గా ఆయనే. అణువుల్ని కలుపుతాడు, తను మాత్రం ఖర్చయిపోడు. చిక్కేంటంటే, పాలిమర్ గట్టిపడ్డాక ఆయన్ని బయటికి పంపడం దాదాపు అసాధ్యం. పెళ్ళయిపోయినా ఆ ఇంట్లోనే ఉంటాడు. మరి ఆ పాలిమర్ మనిషి ఒంట్లో పెట్టేదైతే?

1957లో అమెరికాలోని డౌ కార్నింగ్‌లో జాన్ స్పైయర్ బృందం, క్లోరోప్లాటినిక్ ఆమ్లం పిసరంత వేస్తే చాలు, సిలికాన్ బంధాలు చకచకా ఏర్పడతాయని చూపించింది. 1962లో హ్యూస్టన్ డాక్టర్లు క్రోనిన్, గెరో మొదటి సిలికాన్ జెల్ రొమ్ము ఇంప్లాంట్ అమర్చారు. జెల్ తయారీలో ప్లాటినం మామూలైపోయింది.

ఇక్కడే భయం మొదలైంది, అది ఊరికే పుట్టిన భయం కాదు. 1945లోనే బ్రిటన్‌లో ప్లాటినం శుద్ధి చేసే కార్మికుల్ని పరీక్షించారు. 91 మందిలో 52 మందికి తుమ్ములు, ఆయాసం! కానీ గమనించండి, జబ్బు తెచ్చింది క్లోరిన్‌తో కలిసిన ప్లాటినం లవణాలు. ఉత్త లోహం పొడి పీల్చినవాళ్ళకి ఏం కాలేదు. అంటే అసలు ప్రశ్న "ప్లాటినం ఉందా" అని కాదు, "ఏ రూపంలో ఉంది" అని. క్యాన్సర్‌కి వాడే సిస్‌ప్లాటిన్ కూడా ప్లాటినమే కదా!

1992లో ఎఫ్‌డీఏ జెల్ ఇంప్లాంట్లని చాలావరకు ఆపేసింది. 2006లో ఇద్దరు శాస్త్రవేత్తలు, ఇంప్లాంట్లు ఉన్న ఆడవాళ్ళ శరీరంలో చురుకైన రూపంలోనే ప్లాటినం దొరికిందని పేపర్ రాశారు. వాళ్ళు కొలిచిన పద్ధతి మీద పెద్ద గొడవే జరిగింది. జెల్‌లో మిగిలేది చాలా తక్కువ, అదీ ఎక్కువగా సున్నా ఆక్సీకరణ స్థితిలో, అంటే అన్నిటికన్నా తక్కువ హాని చేసే రూపంలో ఉంటుందని ఎఫ్‌డీఏ చెప్పింది. కెమిస్ట్రీ పరంగా నాకు ఎఫ్‌డీఏ మాటే సబబు అనిపిస్తుంది. నాకు మింగుడుపడనిది వేరే: ఈ జవాబు ఇంప్లాంట్లు పెట్టడానికి ముందు రావాలి, 44 ఏళ్ళ తర్వాత కాదు.

అదే ఏడాది నవంబర్‌లో రెండు కంపెనీలకి అనుమతి వచ్చింది. షరతు ఏంటంటే, వేలమంది ఆడవాళ్ళని పదేళ్ళపాటు గమనించాలి. 2011లో ఎఫ్‌డీఏ లెక్క చూస్తే, ఒక కంపెనీ అధ్యయనంలో మూడేళ్ళకే సుమారు 21 శాతం మంది సమాచారమే మిగిలింది.