కంపెనీల తెలివి లెక్కలు: ఎవరు చెబుతారు, ఎందుకు చెబుతారు?

సిబ్బంది నైపుణ్యం, పని పద్ధతులు, ఖాతాదారుల నమ్మకం కలిస్తే మేధో మూలధనం. స్వీడన్ బీమా కంపెనీ స్కాండియా 1991లోనే లీఫ్ ఎడ్విన్సన్‌ను దీనికి డైరెక్టరుగా నియమించి, 1994 వార్షిక నివేదికకు ప్రత్యేక అనుబంధం జోడించింది. మరోవైపు 1998 నాటి అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం 38 ప్రకారం, సొంతంగా పెంచుకున్న బ్రాండును ఆస్తిగా చూపకూడదు, కొనుక్కున్నదైతే చూపవచ్చు. దాంతో ఈ సంపద గురించి చెప్పడం చాలావరకు కంపెనీల ఇష్టానికే మిగిలింది. ఆ ఇష్టాన్ని నడిపేది అవసరం.

ఇన్ఫోసిస్‌నే తీసుకుందాం. ఉద్యోగులు ఇకముందు సంపాదించబోయే మొత్తాన్ని నేటి విలువకు కుదించే లెవ్-ష్వార్ట్జ్ పద్ధతిలో సిబ్బందికి విలువ కట్టి, తన వార్షిక నివేదికల్లో అచ్చువేసింది. 1999లో నాస్‌డాక్‌కెక్కిన ఆ సాఫ్ట్‌వేర్ సంస్థకు విదేశీ మదుపర్లకు చూపడానికి ఉక్కు కొలుములు, గనులు లేవు, మనుషులే ఆస్తి. రంగం, మార్కెట్ ఒత్తిడి ఎంత బలమైనవో ఇక్కడ తెలుస్తుంది. ఇటలీ కంపెనీలపై 2003లో వెలువడిన అధ్యయనం కూడా పరిమాణం, రంగం ప్రధాన కారణాలని తేల్చింది. పెద్ద కంపెనీపై విశ్లేషకుల చూపు ఎక్కువ, నివేదిక ఖర్చు భరించే శక్తీ ఎక్కువ. అవసరం లేనివారు మాత్రం మౌనంగా ఉండిపోతారు. అందుకే డెన్మార్క్ 2001 చట్టంలో, భావి ఆదాయానికి విజ్ఞాన వనరులు కీలకమైతే పెద్ద కంపెనీలు వాటిని వివరించాలని నిర్దేశించింది.

గుట్టు విప్పితే పోటీదారులు లాభపడతారన్నది ఒక అభ్యంతరం. నిజమే, కానీ ఎవరూ తయారీ రహస్యం అడగడం లేదు. ఏటా ఎంతమంది ఉద్యోగం మానేశారో, శిక్షణ ఎంతమందికి అందిందో చెబితే చాలు. ఇలాంటి అంకెలను సరిచూడలేమన్నది రెండో అభ్యంతరం. మరి నగదును సరిచూడగలిగామా? 2009 జనవరి 7న హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, పద్దుల్లో చూపిన నగదులో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవు. అవి ఆడిట్ అయిన పద్దులే. తనిఖీ లోపిస్తే ఏ అంకైనా అబద్ధమాడుతుంది. దానికి మందు తనిఖీని బిగించడమే తప్ప అంకెను దాచడం కాదు.

కనీస వెల్లడిని నియమంగా మార్చాల్సిందే. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసిన నివేదికలో శాశ్వత ఉద్యోగుల వలసల రేటు మూడేళ్లది ఉంటుంది. వాటాలు కొనేవారు ఛైర్మన్ సందేశం కంటే ముందు ఆ పేజీ చదవాలి.