ముప్పై ఆరు మంది కావాలి

2020 ఫిబ్రవరి 3, సోమవారం రాత్రి. అమెరికాలోని అయోవా రాష్ట్రం, డిమొయిన్ నగరం పడమటి శివారు. డెమోక్రాటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే కాకస్ అనే సభ కోసం బడి జిమ్ బయట వరుసలో మీరున్నారు. ఏడు గంటలకల్లా ఈ వరుసలోకి చేరినవాళ్ళకే లోపల లెక్క. బల్ల దగ్గర వాలంటీరు జాబితా తిరగేసింది. మీ పేరు లేదు. ఫరవాలేదు, అక్కడికక్కడే ఫారం నింపి డెమోక్రాట్‌గా నమోదు కావచ్చు. మీ వెనకున్న అమ్మాయికి పదిహేడేళ్ళే. నవంబరు 3న అసలు ఎన్నిక నాటికి పద్దెనిమిది నిండుతాయి కాబట్టి ఆమెకూ కార్డు ఇచ్చారు. మీవారికి ఇవ్వలేదు. మీకు పౌరసత్వం వచ్చింది, ఆయనది ఇంకా గ్రీన్‌కార్డే. "నువ్వెళ్ళు, నేనిక్కడ కూర్చుని చూస్తుంటా" అంటూ పరిశీలకుల కుర్చీల వైపు నడిచారు.

లోపల తెర లేదు, ఓట్ల పెట్టె లేదు. గోడల మీద అభ్యర్థుల పేర్లు అంటించి ఉన్నాయి. ఎవరు కావాలో వాళ్ళ పేరు కిందికి వెళ్ళి నిలబడాలి. పక్కింటాయన చూస్తాడు, మీ పిల్లల టీచరు చూస్తుంది. మనవైపు ఎవరికి వేశావని అడిగితే నవ్వి ఊరుకుంటాం. ఇక్కడ ఆ వీలు లేదు. కాళ్ళు ఒక క్షణం ఆగినా, మీరు ఎమీ క్లోబుచార్ పేరు కిందికి వెళ్ళారు.

తలలు లెక్కపెట్టారు. మొత్తం 240. ఈ ప్రెసింక్టు (ఓటర్ల వార్డు) నుంచి పార్టీ కౌంటీ మహాసభకు ఆరుగురు ప్రతినిధులు వెళ్ళాలి. నలుగురు, అంతకు మించి ప్రతినిధులు ఉన్నచోట ఒక గుంపు గట్టెక్కాలంటే పదిహేను శాతం, అంటే ఇక్కడ 36 మంది. శాండర్స్ 62, బూటిజెజ్ 58, వారెన్ 49. ముగ్గురూ గట్టెక్కారు, వాళ్ళ గుంపుల్లోవాళ్ళు ఇక కదలకూడదు. మీ గుంపు 31. బైడెన్ 28, యాంగ్ 12.

ఐదుగురు తక్కువ. కాకస్ అసలు రుచి ఇప్పుడే తెలుస్తుంది. గుంపులు దాటి మనుషులు ఎదురెదురుగా వస్తున్నారు. వారెన్ వైపు నుంచి ఒకావిడ మీ దగ్గరికొచ్చి పిల్లల చదువు అప్పుల గురించి నిమిషం పాటు మాట్లాడింది. మీరు మర్యాదగా విని, అటు వెళ్ళకుండా బైడెన్ గుంపులోని పెద్దాయన దగ్గరికి వెళ్ళారు. "మీవాళ్ళు ఇరవై ఎనిమిది మందే, మాకు ఐదుగురు చాలు" అన్నారు. ఆయన చాలాసేపు ఆలోచించాడు. తన మనిషిని వదులుకోవడం తేలిక కాదు. చివరికి బైడెన్ గుంపు విడిపోయి, పది మంది మీవైపు వచ్చారు. 41! ఆరుతో హెచ్చించి 240తో భాగిస్తే ఒక ప్రతినిధి. గుంపుల మధ్య లెక్క సమానమై ఎటూ తేలకపోతే నాణెం ఎగరేసేవారు.

తెలియనివాళ్ళు ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు ఒప్పించే ఎన్నిక ఎంతో గొప్పదని నా నమ్మకం. కానీ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు ఈ జిమ్‌లో లేదు. చంటిపిల్లను వదిలి రాలేని తల్లీ లేదు. బదులు మనిషిని పంపే వీలు లేదు. ఆ ఏడాది అలాంటివాళ్ళ కోసం వేరే కేంద్రాలు కూడా పెట్టారు, గ్లాస్గో, టిబిలిసీ వరకూ. అయినా రాష్ట్రం మొత్తం మీద వచ్చింది సుమారు 1,76,000 మందే. పైగా ఆ రాత్రి ఫలితాలు పంపాల్సిన యాప్ మొరాయించింది. 2024లో డెమోక్రాట్లు అభ్యర్థి ఎంపికను పోస్టుకు మార్చారు. రిపబ్లికన్లు మాత్రం ఆ ఏడాది జనవరి 15న ఎముకలు కొరికే చలిలో సభలకే వచ్చారు. వాళ్ళు చీటీ మీద రహస్యంగా పేరు రాస్తారు.

ఆ రాత్రి జిమ్‌లో లెక్క తేలగానే కోట్లు తగిలించుకుని చాలామంది ఇంటిదారి పట్టారు. మిగిలినవాళ్ళ పనే బరువైనది. మీ గుంపు ఒక్క ప్రతినిధిని ఎన్నుకోవాలి, పార్టీ కమిటీకి ప్రెసింక్టు సభ్యులను ఎన్నుకోవాలి, పార్టీ విధానపత్రానికి తీర్మానాలు చదివి ఓటేయాలి. అయోవా పార్టీ ఏం కోరుతుందనే మాటకు మొదటి వాక్యం రాసేది ఈ కొద్దిమందే. "కౌంటీ మహాసభకు ఎవరు వెళ్తారు?" అని అడిగారు. ఒక శనివారం పొద్దంతా పోతుంది. చెయ్యెత్తడానికి ఎవరూ తొందరపడలేదు. మీరు ఎత్తారు.