ప్లిమత్ రేవు: పండుగ, సంతాపం

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, బాస్టన్‌కు ఆగ్నేయంగా, సముద్రపు ఒడ్డున ప్లిమత్ పట్టణం ఉంది. 1620 డిసెంబరులో 'మేఫ్లవర్' ఓడ మీద వచ్చిన ఇంగ్లీషువాళ్లు ఇక్కడ స్థిరపడ్డారు. ఓడలో ప్రయాణికులు 102 మంది; వారిలో దాదాపు సగం మంది మొదటి చలికాలం దాటలేదు. వాళ్లు ఊరు కట్టిన చోటు ఎవరికీ చెందని అడవి కాదు. అది పటుక్సెట్ అనే వాంపనోగ్ ఆదివాసుల గ్రామం. 1616–19 మధ్య వచ్చిన అంటువ్యాధి దాన్ని తుడిచిపెట్టేసింది. వలస వచ్చినవాళ్లు అప్పటికే సాగు చేసి వదిలేసిన ఆ పొలాల్లోనే ఇళ్లు వేసుకున్నారు. వారి రాకను ఊరు 1769 నుంచి తలుచుకుంటూ వచ్చింది. పోయిన గ్రామాన్ని తలుచుకోవడానికి మరో రెండు వందల ఏళ్లు పట్టింది.

తొలి ఉత్సవం 1769 నాటిది. ఆ ఏడు ఏర్పడిన ఓల్డ్ కాలనీ క్లబ్బు డిసెంబరు 22న 'పూర్వీకుల దినం' జరిపింది. ఆ రోజు విందులో మొక్కజొన్న, చిక్కుడు గింజలు కలిపి వండిన సకటాష్, ఆల్చిప్పలు, కాడ్ చేప, ఈల్ చేపలు, జింక మాంసం, క్రాన్‌బెర్రీ తీపి వంటకాలు ఉన్నాయి. పూర్వీకుల తిండిని గుర్తుచేసేలా ఆడంబరం లేకుండా వడ్డించారు, అయినా సగం మంది చనిపోయిన చలికాలాన్ని స్మరించడానికి ఇది కాస్త ఘనమైన భోజనమే. తేదీలోనూ ఒక పొరపాటు దొర్లింది. పాత పంచాంగం ప్రకారం ఒడ్డున దిగిన రోజు డిసెంబరు 11. కొత్త పంచాంగానికి మార్చేటప్పుడు 17వ శతాబ్దానికి పది రోజులు కలపాలి. క్లబ్బువాళ్లు పదకొండు కలిపారు. 1773 నాటికి రాజు పక్షం, తిరుగుబాటు పక్షం తగవులతో ఆ క్లబ్బు చెదిరిపోయి, 1875లో మళ్లీ పుట్టింది.

ఈలోగా ఒక బండరాయి ప్రసిద్ధికెక్కింది. పూర్వీకులు మొదట కాలు పెట్టింది దాని మీదేనని 1741లో థామస్ ఫాన్స్ అనే 90 ఏళ్లు దాటిన పెద్దమనిషి చెప్పాడు. ఊరి తొలినాళ్ల సంగతులు రాసిన బ్రాడ్‌ఫర్డ్ గానీ, విన్స్‌లో గానీ అలాంటి రాయి ఊసే ఎత్తలేదు. అయినా జనం నమ్మారు. 1774లో దాన్ని ఎద్దులతో కదిలించబోతే రెండుగా చీలింది. పై ముక్కను ఊళ్లోకి లాక్కుపోయారు. 1834లో మరోచోటికి తరలిస్తుంటే బండి మీంచి జారి అదీ పగిలింది. 1880లో ముక్కలను తిరిగి ఒకచోట చేర్చి, పైన '1620' అని చెక్కారు.

వేషం కట్టి గతాన్ని చూపించడం 1921లో, మూడు వందల ఏళ్ల ఉత్సవాలతో ఊపందుకుంది. భారీ నాటక ప్రదర్శన జరిగింది, అధ్యక్షుడు హార్డింగ్ వచ్చాడు. నేటికీ సాగుతున్న 'పిల్‌గ్రిమ్ ప్రోగ్రెస్' ఊరేగింపూ అప్పుడే మొదలైంది. మొదటి చలికాలం బతికి బయటపడినవారి వేషాలతో ఊరివాళ్లు డప్పు చప్పుడుకు గుమిగూడి, ప్రార్థన కోసం కొండెక్కుతారు. ఈ నడక తీరును కల్పించలేదు. 1627లో ఈ ఊరికి వచ్చిన ఐజాక్ డి రసీర్ అనే డచ్చి అధికారి, ఊరివాళ్లు తుపాకులు పట్టుకుని ముగ్గురేసి వరసలో ప్రార్థనకు నడిచే విధానాన్ని ఒక ఉత్తరంలో రాశాడు.

1947లో హెన్రీ హార్న్‌బ్లోయర్ అనే ఆయన 'ప్లిమత్ ప్లాంటేషన్' సంగ్రహాలయం స్థాపించాడు. బ్రిటన్‌లో కట్టిన మేఫ్లవర్ నమూనా ఓడను 1957లో అలన్ విలియర్స్ నాయకత్వంలో తెరచాపల మీదే అట్లాంటిక్ దాటించి ఇక్కడికి తెచ్చారు. తర్వాతి కాలంలో సంగ్రహాలయంలో బొమ్మలు తీసేసి మనుషుల్ని పెట్టారు. వలసవాళ్ల పల్లెలో పనిచేసేవారు దశాబ్దాల పాటు 1627లోనే బతికారు. ఆ ఏడు పశువులను పంచుకున్న జాబితాలో దాదాపు ఊరివాళ్లందరి పేర్లూ ఉండటం ఇందుకు కలిసొచ్చింది. ఒక్కొక్కరూ ఒక నిజమైన మనిషి పేరు పెట్టుకుని, ఆ మనిషి పుట్టిన ఇంగ్లాండు ప్రాంతపు యాసలో మాట్లాడేవారు. పొయ్యి దగ్గర కూర కలియబెడుతున్న ఆవిడను రాజెవరని అడిగితే చార్లెస్ అనేది. అధ్యక్షుడెవరని అడిగితే మొహం తేలేసేది.

పక్కనే ఉన్న వాంపనోగ్ నివాసంలో పద్ధతి వేరు. బెరడుతో గుడిసె కప్పినా, దుంగను నిప్పుతో తొలిచి పడవ చేసినా, అక్కడివారు పాతకాలపు మనుషుల పాత్రలు పోషించరు. ఈ కాలపు మనుషులుగానే మాట్లాడతారు. 'మీవాళ్లంతా అంతరించిపోయారు కదా' అని అడిగే సందర్శకులకు జవాబు చెప్పాలంటే 1627లో కూర్చుంటే కుదరదు. ఈ సంగ్రహాలయం చేసిన పనుల్లో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు ఇదే.

350 ఏళ్ల ఉత్సవం జరిగిన 1970లో అసలు గొడవ బయటపడింది. విందులో మాట్లాడమని వామ్‌సట్టా ఫ్రాంక్ జేమ్స్ అనే వాంపనోగ్ నాయకుణ్ణి పిలిచారు. సమాధుల దోపిడీ, ధాన్యం దొంగతనం, భూమి పోవడం గురించి ఆయన రాసుకున్న ప్రసంగాన్ని నిర్వాహకులు ముందే చూసి, మార్చమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఆ నవంబరులో, దేశమంతా థాంక్స్‌గివింగ్ పండుగ జరుపుకుంటున్న రోజున, కోల్స్ హిల్ కొండ మీద మసాసోయిట్ విగ్రహం దగ్గర ఆదివాసులు చేరి 'జాతీయ సంతాప దినం' పాటించారు. మసాసోయిట్ 1621లో వలసవాళ్లతో ఒప్పందం చేసుకున్న వాంపనోగ్ పెద్ద. అతని కొడుకు మెటాకమ్ 1676లో వాళ్లతో యుద్ధంలోనే చనిపోతే, తలను ఇదే ఊళ్లో ఏళ్ల తరబడి గడకు గుచ్చి ఉంచారు.

అప్పటి నుంచీ ఒకే రోజున ఒకే వీధుల్లో వేషాల ఊరేగింపూ, సంతాప యాత్రా సాగాయి. 1997లో పోలీసులు సంతాప యాత్రను అడ్డగించి 25 మందిని అరెస్టు చేశారు. మరుసటి ఏడు కుదిరిన ఒప్పందంలో కేసులు ఎత్తేశారు. అనుమతి పత్రం అడగకుండా ఏటా నడిచే హక్కు వారికి దక్కింది. కోల్స్ హిల్ మీద సంతాప దినాన్నీ, ఊరి మధ్య మెటాకమ్‌నూ వివరించే ఫలకాలు ఊరే పెట్టించింది.

2020లో 400 ఏళ్ల ఉత్సవాల్లో చాలా భాగం కోవిడ్‌తో ఆగిపోయింది. ఆ ఏడే సంగ్రహాలయం పేరును 'ప్లిమత్ పటుక్సెట్' అని మార్చారు. రెండేళ్లకే, తమ నివాసాన్ని సరిగా పట్టించుకోవడం లేదంటూ కొందరు వాంపనోగ్‌లు ఆ సంగ్రహాలయాన్ని బహిష్కరించాలని పిలుపునిచ్చారు.